జానా బెత్తెడు

తబిత చెయ్యి విరిగిన సంగతి కన్యకకి ఆదివారం పొద్దున క్లాసులోనే తెలిసింది. ఆ అమ్మాయి కుడి చేతికి మోచేతి దాకా పిండికట్టుతో మెట్లెక్కి వచ్చి, చెప్పులు ఓ పక్కన విడిచి, ఎప్పటిలాగే మూడో వరసలో తన చోట నిలబడింది. మాస్టారికి నమస్కారం పెట్టాల్సి వచ్చినప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే గుండెల దాకా ఎత్తింది.

నిడదవోలులో ఒక కల్యాణమండపం పై అంతస్తులో జరుగుతుంది ఆ కరాటే క్లాసు. నేర్పేది త్రినాథరాజు మాస్టారు. భీమవరం దగ్గర పల్లెటూరు ఆయనది. అన్నదమ్ములు రొయ్యల చెరువులు చూసుకుంటుంటే ఆయన మాత్రం చిన్నప్పుడే ఈ విద్య పట్టుకుని, ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. యాభై దాటినా నడుం నిటారుగా ఉంటుంది. గొంతు పెంచి మాట్లాడరు, ఎవర్నీ తిట్టరు. ఊళ్ళో పెద్దమనుషులు సైతం ఆయన ఎదురైతే బండి ఆపి పలకరిస్తారు.

కన్యక ఆయన దగ్గర చేరి ఎనిమిదేళ్ళయింది. వాళ్ళది బజారులో సిమెంటు, పైపులు, టైల్సు అమ్మే కొట్టు. పద్దెనిమిదేళ్ళ కూతురు కరాటే నేర్చుకుంటానంటే కొట్లో కూర్చునేవాళ్ళకి కుస్తీలెందుకమ్మా అని వాళ్ళ నాన్న కొట్టిపారేశాడు. అప్పుడు మాస్టారే స్వయంగా కొట్టుకి వచ్చి, కుర్చీ కూడా తీసుకోకుండా నిలబడి, అమ్మాయి బాధ్యత తనదని చెప్పి ఒప్పించారు. ఆ రోజు నుంచీ కన్యకకి నాన్న తర్వాత నాన్న లాంటివారు ఆయన. బ్లాక్ బెల్టు వచ్చాక కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠాలు ఆమే చెబుతోంది. తబితకి పిడికిలి బిగించడం నేర్పింది కూడా ఆమే.

విరామంలో మెట్ల మీద కూర్చోబెట్టి అడిగితే తబిత జరిగింది చెప్పింది. ఆ పిల్ల రోజూ రైల్లో రాజమండ్రి వెళ్ళి డిగ్రీ చదువుకుని వస్తుంది. నాలుగు రోజులుగా ఒకడు స్టేషన్లో దిగిన దగ్గర్నుంచి ఆటోల దాకా వెనకాలే వస్తున్నాడట. గురువారం సాయంత్రం వంతెన మెట్లు దిగుతుంటే బ్యాగు పట్టుకు లాగాడు. పదిహేను అడుగుల దూరంలో టికెట్ల కౌంటరు, దాని ముందు వరసలో మనుషులు. అయినా తబిత అటు వెళ్ళలేదు. ఆగింది. కాళ్ళు ఎడంగా నాటుకుంది. నాభి దగ్గర ఊపిరి నిలిపి, చెప్పినట్టే గుద్దింది.

"దవడ మీద సరిగ్గానే తగిలిందక్కా," అంది తబిత. "వాడు ఒకడుగు వెనక్కి వేసి నవ్వాడు. నా చేతిలో టప్‌మని చప్పుడయింది. తర్వాత వాడు ఆ చెయ్యే పట్టుకుని మెలిపెట్టాడు."

చెంప మీద రెండు దెబ్బలు కూడా పడ్డాక జనం వచ్చారట, వాడు పట్టాల మీదుగా పారిపోయాడట. అరచేతిలో రెండు ఎముకలు విరిగాయి. ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు డాక్టరుగారు.

మరి పరిగెత్తలేదేం అని కన్యక అడగబోతుంటే, ఆ పిల్లే చెప్పింది. "పరిగెత్తాలనే అనిపించిందక్కా. కానీ మీరు చెప్పారుగా, కాళ్ళు కదిలితే శక్తి పోతుందని."

ఆ మాట కన్యక గుండెలో ముల్లులా దిగింది. నిజమే, తనే చెప్పింది. పాదాలు నాటుకో, కదలకు, వెనకడుగు వేస్తే సగం ఓడినట్టే అని మాస్టారు తనకి చెప్పిన మాటని తను తబితకి చెప్పింది. ఆ పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పి చెయ్యి విరగ్గొట్టుకుంది.

విరామం తర్వాత మాస్టారు తబితని ముందుకి పిలిచి, కట్టు మీద చెయ్యి వేసి ప్రేమగా నిమిరారు. తర్వాత అందరి వైపూ తిరిగి, ధైర్యం గొప్పదే గానీ ఊపిరి కుదరలేదన్నారు. ఊపిరి నాభి దగ్గర నిలిస్తే ప్రాణమంతా పిడికిలిలోకి వస్తుంది, నిలవకపోతే అది వట్టి ఎముకల మూట. విద్యలో లోపం లేదు, సాధనలో ఉంది. తబిత తల దించుకుని, అవును మాస్టారూ అంది. వరసల్లో ఉన్నవాళ్ళు తలలూపారు.

కన్యక తల ఊపలేదు. ఎనిమిదేళ్ళలో అలా ఊపకపోవడం అదే మొదటిసారి.

క్లాసయ్యాక అందరూ వెళ్ళే దాకా ఆగి ఆయన దగ్గరకెళ్ళింది. తబిత నిలబడ్డ తీరు, ఊపిరి పట్టే తీరు తనకి తెలుసనీ, అందులో తప్పుండే అవకాశం లేదనీ చెప్పింది. ఆయన నవ్వి, బయటికి కనపడేది ఊపిరి కాదు కదమ్మా అన్నారు.

"దెబ్బ తగిలితే విద్య గొప్పది, తగలకపోతే మనిషిది తప్పు," అంది కన్యక. "అలా అయితే విద్యలో తప్పుంటే మనకి తెలిసేదెలాగండి?"

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. కోపం లేదు ఆ చూపులో. పిల్ల జ్వరంలో ఏదో మాట్లాడుతోందన్నట్టు చూశారు. "నా పిడికిలి పన్నెండు వందల కిలోలని లోకమంతా చూసింది," అన్నారు. "నువ్వు పక్కనే ఉండి చూశావు. ఇంకా ఏం కావాలి నీకు?"

చూసిన మాట నిజమే. రెండేళ్ళ కిందట రాజమండ్రిలో ఒక షాపింగ్ మాల్ పై అంతస్తులో ఆటల మిషన్ల దగ్గర జరిగింది అది. వేలాడే తోలుబంతిని గుద్దితే పైన ఎర్ర అంకెలు వెలిగే మిషను. మాస్టారు కొట్టగానే పన్నెండు వందలు వెలిగింది. పక్కన వీడియో తీస్తున్నవాడెవడో పన్నెండు వందల కిలోలు అని అరిచాడు. ఆ వీడియో ఫోన్లన్నీ తిరిగింది. అప్పటినుంచీ ఆయన పేరుకి ముందు ఆ అంకె చేరింది, ఫ్లెక్సీల మీద, సన్మానపత్రాల మీద. కన్యక కూడా అందరికీ గొప్పగా చెప్పుకుంది.

మంగళవారం కొట్టు నాన్నకి అప్పజెప్పి ఆమె రాజమండ్రి రైలెక్కింది. మాల్లో ఆ మిషను అక్కడే ఉంది. చూసుకునేవాడు మధ్యవయసు మనిషి, కుర్చీలో కూర్చుని బఠాణీలు తింటున్నాడు. కన్యక నిలబడి కొట్టింది. తొమ్మిది వందల పన్నెండు వెలిగింది. ఈ లెక్కన యాభై రెండు కిలోల మనిషైన తన గుద్దు టన్నుకి కాస్త తక్కువ. ఇవి కిలోలేనా అని అడిగితే అతను నవ్వాడు.

"కిలోలేంటండి, పాయింట్లు. బంతి ఎంత స్పీడుగా వెనక్కెళ్ళి తగిలిందో చూసి మిషను వేసేస్తదండి. లోపల స్ప్రింగు వదులయితే ఎక్కువొస్తది, బిగిస్తే తక్కువొస్తది. మొన్న ఒకాయన పరిగెత్తుకొచ్చి మోచేత్తో కొట్టి పదమూడు వందలు తెచ్చాడండి. కిరాణా కొట్టాయన."

అతను చెప్పింది కన్యక ఫోన్లో రికార్డు చేసుకుంది. తిరుగు రైల్లో వంతెన మీద గోదారి గాలి మొహానికి కొడుతుంటే ఏడుపు రాలేదు గానీ, సిగ్గేసింది. పుట్టింది తూకం వేసి అమ్మే ఇంట్లో. ఇనప ఊచ కొన్నా, ఇసక కొన్నా కాటా మీద పెట్టకుండా తీసుకోరు. అలాంటి ఇంట్లో పుట్టి, ఎవరో అరిచిన అంకెని రెండేళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక గోడౌన్లోకి వెళ్ళి ఎర్రమట్టి పలకలు ఆరు తీసింది. డాబా మీద వేడి ఆపడానికి పరుస్తారు వాటిని. మాస్టారు ప్రదర్శనల్లో పగలగొట్టే పలకలు వాళ్ళ కొట్టువే. వాటిని మూడు రోజులు ఎండబెట్టేదీ, ఒకదానిమీద ఒకటి పేర్చేదీ, పేర్చేటప్పుడు పలకకీ పలకకీ మధ్య రెండు చివర్లా పెన్సిలు ముక్కలు పెట్టేదీ కన్యకే. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. పద్ధతి అనుకుంది.

కొట్లో మూటలు మోసే వెంకన్నని పిలిచింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కరాటే అంటే సినిమాల్లో చూడ్డమే. పెన్సిలు ముక్కలతో పేర్చిన ఆరు పలకల మీద తువ్వాలు మడిచి వేసి, అరచేతి మడమతో గట్టిగా కొట్టమంది. వెంకన్న ఎందుకో అడక్కుండా ఆయ్ అని కొట్టాడు. అయిదు విరిగాయి. అతను భయపడి, సరుకు పాడైపోయిందండి అమ్మాయిగారూ అన్నాడు. తర్వాత కన్యక పెన్సిళ్ళు లేకుండా ఇంకో ఆరు ఒత్తుగా పేర్చి, తన ఎనిమిదేళ్ళ విద్యా పెట్టి తనే కొట్టింది. ఒక్కటీ విరగలేదు. చెయ్యి భుజం దాకా జిల్లుమంది.

మధ్యలో సందుంటే పై పలక విరిగి కింద పలక మీద పడుతుంది, అది దాని కింద దానిమీద. ఒకటి విరగ్గొడితే మిగతావాటిని అవే విరగ్గొట్టుకుంటాయి. సందు లేకపోతే ఆరూ కలిసి ఒక రాయి. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఎనిమిదేళ్ళూ తన చేతులతో పెన్సిళ్ళు పెట్టిన మనిషికి అసలే అక్కర్లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నతో చెబితే ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. రాజుగారు మంచాయన, నలుగురిలో పరువున్నవాడు, మనకెందుకమ్మా అన్నాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని కూడా అన్నాడు. తబిత చెయ్యి ఎవరి ఆనందం నాన్నా అని కన్యక అడిగింది. ఆయన మజ్జిగ వేసుకున్నాడు.

ఆ వారంలోనే ఊళ్ళో ఫ్లెక్సీలు లేచాయి. ఆడపిల్లల కాలేజీలో ఆత్మరక్షణ సదస్సు. 'ఒక్క గుద్దు చాలు' అని పెద్దక్షరాలు, కింద పిడికిలి బిగించిన త్రినాథరాజు మాస్టారి బొమ్మ, పక్కన పన్నెండు వందల కిలోలు. నాలుగు వందల మంది అమ్మాయిలు వస్తారట. బజారు మలుపులో ఆ ఫ్లెక్సీ కింద నిలబడి కన్యక లెక్కేసుకుంది. నాలుగు వందల మంది కాళ్ళు నాటుకుని నిలబడతారు.

వెనక నుంచి పొడవడం ఆమెకి ఇష్టం లేదు. ముందు మాస్టారింటికే వెళ్ళింది. మిషను సంగతీ పలకల సంగతీ ఆయన ఎదురుగా కూర్చుని చెప్పింది. రెండే కోరింది. ఆ అంకె తీసేయాలి. ముందు పరిగెత్తండి, అరవండి, దారి లేనప్పుడే కొట్టండి అని పిల్లలకి చెప్పాలి. అలా చెబితే ఎప్పటిలాగే పక్కన నిలబడి పలకలు పేరుస్తానంది.

"నా దగ్గరకొచ్చే ఆడపిల్లలకి నేనిచ్చేది ధైర్యం," అన్నారాయన. "పరిగెత్తమని చెప్పడానికి నేనెందుకు? నువ్వు ఆ ధైర్యాన్ని తూకం వేస్తానంటున్నావు."

"ధైర్యాన్ని కాదండి. గుద్దుని."

"అయితే ఆ రోజు నువ్వు రావద్దు."

"వస్తానండి," అంది కన్యక లేచి. "మీకు చెప్పకుండా రాకూడదనే ఇప్పుడొచ్చాను."

కాలేజీ ప్రిన్సిపాల్ దేవకుమారి గారు ముక్కుసూటి మనిషి. కన్యక చెప్పిందంతా, ఇసక మూటతో పెడతానన్న పరీక్షతో సహా విని, ఫోన్లో రికార్డింగు రెండుసార్లు పెట్టించుకుని, పిలిచిన అతిథిని తన కాలేజీలో అవమానించడం కుదరదన్నారు. కానీ ఆడపిల్లలకి చెప్పే మాట నిజమో కాదో తేల్చుకోవడం అవమానం కిందికి రాదని కూడా అన్నారు. ప్రదర్శన అయ్యాక ప్రశ్నలకి పదిహేను నిమిషాలు పెడతాననీ, ఆయన ఇష్టపడితేనే పరీక్ష అనీ, గొంతు లేపితే మాత్రం తనే మైకు ఆపేస్తాననీ చెప్పారు.

సదస్సు రోజు, శనివారం పొద్దున వెంకన్న ట్రాలీ ఆటోలో సామాను తెచ్చాడు. బోరు మోటార్లు పైకెత్తే మూడు కాళ్ళ ఇనప స్టాండు, తాడు, సరిగ్గా యాభై కిలోలు తూచి కుట్టిన ఇసక మూట. వేదిక పక్కన, వేపచెట్టు నీడలో స్టాండు నిలబెట్టి మూట వేలాడదీశారు. మూట వెనక ఆనుకుని ఒక బల్ల, బల్ల మీద ఖాళీ టైల్సు అట్టపెట్టె. మూటని కొడితే అది వెనక్కి ఊగి పెట్టెని నెడుతుంది. మూట తిరిగొచ్చేసినా పెట్టె జరిగిన చోటే ఉండిపోతుంది. ఎంత జరిగిందో ఎవరైనా కొలుచుకోవచ్చు.

ప్రదర్శన బాగా జరిగింది. అది ఒప్పుకోవాలి. మాస్టారు గాల్లోకి లేచి తన్నారు, కళ్ళకి గంతలు కట్టుకుని కొబ్బరికాయ కొట్టారు, ఎనిమిది పలకలు పగలగొట్టారు. ఈసారి పేర్చింది సూర్యతేజ, కన్యక తర్వాతి శిష్యుడు. పెన్సిలు ముక్కలు పెడుతూ ఒకసారి కన్యక వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. అమ్మాయిలు ఈలలు వేశారు. ఊపిరి నిలిపి కొడితే వంద కిలోల మగాడైనా కూలాల్సిందేనని మాస్టారు చెబుతుంటే నాలుగు వందల పిడికిళ్ళు ఒక్కసారి లేచాయి.

ప్రశ్నల సమయంలో కన్యక లేచి మైకు తీసుకుంది. తనెవరో, ఎవరి శిష్యురాలో చెప్పింది. మిషను దగ్గర మనిషి మాటలు వినిపించింది. అమ్మాయిల్లో గుసగుసలు మొదలయ్యాయి. సూర్యతేజ వేదిక దిగి రాబోతుంటే మాస్టారే చెయ్యి అడ్డుపెట్టి ఆపారు.

"మాస్టారి దెబ్బ ఉత్తుత్తి దెబ్బ కాదు," అంది కన్యక. "అది ఎంతో, అంతే చెప్పమంటున్నాను. యాభై కిలోల మూట అది. ఎవరైనా కొట్టొచ్చు. ముందు నేను కొడతాను."

ఆమె కొట్టింది. పెట్టె జానెడు జరిగింది. దేవకుమారి గారు స్వయంగా వచ్చి టేపుతో కొలిచి, సుద్దతో గీత గీశారు. తర్వాత వెంకన్న. అంతమంది ఆడపిల్లల ముందు అతను తలెత్తలేదు. లుంగీ పైకి కట్టుకుని, మూట భుజానికెత్తుకునే ముందు తట్టినట్టు ఒక్కటి వేశాడు. జానెడు మీద రెండు వేళ్ళు. పిల్లలు చప్పట్లు కొట్టారు, అతను నవ్వుతూ చెట్టు వెనక్కి వెళ్ళిపోయాడు.

అందరి కళ్ళూ మాస్టారి మీదకి తిరిగాయి. ఆయన వెళ్ళిపోవచ్చు. ఇలాంటివాటికి నేను రాను అంటే ఎవరూ బలవంతం చెయ్యరు. సగం మంది ఆయన మాటే నమ్ముతారు కూడా. కానీ ఆయన మెట్లు దిగి వచ్చారు. ఆయన నిజంగానే నమ్ముతున్నారని అప్పుడు అర్థమయింది కన్యకకి. ఎవర్నీ మోసం చేస్తున్నాననుకోవడం లేదాయన. ఆ అంకెని అందరికంటే ముందు ఆయనే నమ్మారు.

మాస్టారు కాళ్ళు ఎడంగా నాటుకున్నారు. కళ్ళు మూసుకుని ఊపిరి నాభి దాకా తీసుకున్నారు. కేక వేసి కొట్టారు. మంచి దెబ్బ. తుంటి నుంచి భుజానికి, భుజం నుంచి మణికట్టుకి ఎక్కడా తెగకుండా వచ్చిన దెబ్బ. యాభై దాటిన, అరవై కిలోల మనిషికి అలాంటి దెబ్బ రావడం మాటలు కాదని కన్యకకి తెలుసు. మూట ఊగి వెనక్కొచ్చింది. దేవకుమారి గారు టేపు పెట్టారు.

జానా బెత్తెడు.

అంటే వెంకన్న దెబ్బకి పైన మరో రెండు వేళ్ళు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు వంగి ఆ గీత చూశారు. తర్వాత ఇంకోసారి కొడతానన్నారు. మళ్ళీ అంతే, ఒక పిసరు తక్కువే వచ్చింది. ఆయన మైకు తీసుకుని, ప్రయాణాల అలసట వల్ల ఈ రోజు ఊపిరి కుదరలేదన్నారు.

వెనక వరసల్లోంచి తబిత లేచింది. పిండికట్టు చేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. మైకు ఆమె దగ్గర లేదు, అయినా మాట అందరికీ వినపడింది.

"నాకూ కుదరలేదన్నారు మాస్టారూ. రెండు నెలలు నేర్చుకున్నదాన్ని కదా, నాదే తప్పనుకున్నాను. నలభై ఏళ్ళ నుంచి చేస్తున్న మీకే, మంచినీళ్ళు తాగి, నీడలో నిలబడి కొడితే కుదరకపోతే, చీకటిపడే వేళ, ఒకడు బ్యాగు పట్టుకు లాగుతుంటే మాకెలా కుదురుతుందండి?"

మాస్టారు మైకు బల్ల మీద పెట్టి, తబిత వైపు, ఆ కట్టు వైపు చూసి, సూర్యతేజని కూడా పిలవకుండా గేటు వైపు నడిచారు.

కన్యక మళ్ళీ మైకు తీసుకుంది. యాభై కిలోల మూట జానా బెత్తెడు జరిగితే వంద కిలోల మనిషి అందులో సగం జరుగుతాడు, తర్వాత వాడికి కోపం వస్తుంది అంది. దవడ మీద సరైన చోట తగిలితే ఎవడైనా పడొచ్చు, కాదనను, కానీ ఆ ఒక్క అవకాశం కోసం పదిహేను అడుగుల దూరంలో ఉన్న జనాన్ని వదులుకోవద్దంది. పరిగెత్తడం ఓడిపోవడమని ఇన్నాళ్ళూ తనే నేర్పాననీ, అది తప్పనీ చెప్పి, తబిత పేరు పెట్టి క్షమించమని అడిగింది.

తర్వాత వారం రోజులు గడవడం కష్టమే అయింది. క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి ఆమెని తీసేశారు. గురుద్రోహి అని ఒకరు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందని ఒకరు రాశారు. హోటల్లో టిఫిన్ తింటుంటే పక్క బల్ల వాళ్ళు లేచి దూరంగా కూర్చున్న రోజు కూడా ఉంది. నిద్ర పట్టని రాత్రుల్లో మాస్టారు గేటు వైపు నడిచిన నడకే కళ్ళ ముందుకొచ్చేది. తప్పు చేశానని అనిపించలేదు. కానీ బాధ లేదంటే అబద్ధం.

సోమవారం సూర్యతేజ మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు. అందరి ముందూ మాస్టారికి క్షమాపణ చెప్పాలి, బ్లాక్ బెల్టు తిరిగి ఇచ్చెయ్యాలి అన్నాడు. మాస్టారు పంపారా అని కన్యక అడిగింది. పంపలేదు, శిష్యులుగా మేమే వచ్చాం అన్నాడు. బెల్టు ఎనిమిదేళ్ళ చెమట, ఎవరి దానమూ కాదు, ఇవ్వనంది కన్యక. సూర్యతేజ గొంతు పెంచాడు.

అప్పటిదాకా గల్లాపెట్టె దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్న నాన్న నెమ్మదిగా లేచాడు. "కూర్చోండి బాబూ, టీ తాగి వెళ్ళండి," అన్నాడు. "సిమెంటు కావాలంటే ఉంది, పైపులు కావాలంటే ఉన్నాయి. క్షమాపణ మాత్రం మా కొట్లో దొరకదు."

వాళ్ళు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. నాన్న మళ్ళీ కూర్చుని ఏమీ జరగనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన అలా మాట్లాడడం కన్యక పుట్టాక వినలేదు.

మాస్టారు పదిరోజుల తర్వాత వచ్చారు. మధ్యాహ్నం పూట, ఒక్కరే. ఈసారి కుర్చీ వేస్తే కూర్చున్నారు. మనిషి కాస్త చిక్కారు. ఫ్లెక్సీల మీద అంకె తీయించేశాననీ, క్లాసులో సగం మంది మానేశారనీ చెప్పారు. నువ్వు తిరిగి వస్తే అంతా సర్దుకుంటుంది, కానీ ఆ మూట సంగతి మళ్ళీ ఎత్తకూడదు అన్నారు.

"అబద్ధం చెప్పలేదు నేను," అన్నారు చివరికి. "నాకు నిజంగా వస్తుందనే అనుకున్నాను కన్యకా."

"తెలుసండి. అందుకే దిగి వచ్చి కొట్టారు." ఆమె కళ్ళు చెమర్చాయి. అయినా మాట మార్చలేదు. "మూట క్లాసులోనే వేలాడదీయండి మాస్టారూ. రోజూ అందరం కొడదాం, రోజూ గీత గీద్దాం. వేలాడదీసిన రోజు పొద్దున్నే వచ్చేస్తాను. అది లేకుండా రాను."

ఆయన లేచి, నాన్నకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆయన క్లాసు నడుస్తోంది. మూట వేలాడదీశారని ఎవరూ చెప్పలేదు. కన్యక వెళ్ళలేదు.

అమ్మాయిలకి నేర్పడానికి కాలేజీ మైదానం వారానికి నాలుగు పొద్దుటిపూటలు వాడుకోమని దేవకుమారి గారు కన్యకకి చెప్పారు. మొదటి రోజుకి అరవై మంది పేర్లిచ్చారు, తెల్లారుతూనే వాన పట్టడంతో వచ్చింది పదకొండు మంది. తబిత కట్టుకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వచ్చింది. పాఠం ఒకటే, గేటు దగ్గర్నుంచి అవతలి గోడ దాకా గట్టిగా అరుస్తూ పరిగెత్తడం. అమ్మాయిలు మొదట సిగ్గుపడ్డారు, రెండోసారి నవ్వుకున్నారు, మూడోసారి ఆ అరుపులకి రోడ్డు మీద పాలబండి అతను బండి ఆపి లోపలికి తొంగి చూశాడు.

అందరికంటే వెనక ఉన్నది కన్యక. ఎనిమిదేళ్ళూ నిలబడి కొట్టడమే గానీ ఆమె ఎప్పుడూ పరిగెత్తలేదు. సగం మైదానానికే డొక్కలో పోటు వచ్చింది, బురదలో ఒకసారి మోకాళ్ళ మీద పడింది. ముందు వెళుతున్న తబిత వెనక్కి తిరిగి, ఆగమంటారా అక్కా అని అడిగింది.

"ఆగొద్దు," అంది కన్యక ఎగరొప్పుతూ. లేచి, బురద చేతులు డ్రెస్సుకి తుడుచుకుని, మళ్ళీ పరుగందుకుంది.